పొద్దుతిరుగుడు మీద ఎడమ చెయ్యి

"ఎడమ చెయ్యే కదా" అని నాతో తొమ్మిదిమంది అన్నారు. ఎవరు ఎక్కడ నిలబడి అన్నారో ఇప్పటికీ చెప్పగలను. మా ఇంటి ఓనరు భార్య గుమ్మం దగ్గరే ఆగి, లోపలికి రాకుండా అన్నది. మా వదిన ఫోన్లో అన్నది. ఒక టీచరమ్మ, నా దగ్గర ఆరేళ్లు జాకెట్లు కుట్టించుకున్న మనిషి, కుట్టని మూడు గుడ్డముక్కలు వెనక్కి తీసుకుని సంచిలో పెట్టుకుంటూ అన్నది. ఓదార్పుకే అన్నారని ఒప్పుకుంటాను. కానీ బట్టలు కుట్టేవాళ్లకు ఎడమ చెయ్యి ఏం చేస్తుందో వాళ్లలో ఒక్కరూ అడగలేదు. కుడిచెయ్యి చక్రాన్ని కదిలిస్తుంది, కత్తెర పట్టుకుంటుంది. సూది కింద గుడ్డను నడిపించేది ఎడమ చెయ్యి. అరచేతి అంచు గుడ్డ మీద ఆని ఉంటుంది. మడత ఎటు జారుతోందో ఆ అంచుకు తెలుస్తుంది. నాకు స్పర్శ పోయింది సరిగ్గా ఆ అంచులోనే. చిటికెన వేలు, ఉంగరపు వేలు, వాటి కింద మణికట్టు దాకా ఉండే భాగం.

జరిగి ఏడాది దాటింది. రాస్తే మనసు కుదుటపడుతుందని కొంత, ఇంకెవరికైనా పనికొస్తుందని కొంత రాస్తున్నాను. మీ ఒంటి మీద రంగు పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లితే తెలియకపోతే, మిగతాది తర్వాత చదవండి. ముందు దవాఖానకు వెళ్లండి.

2005, దసరా నుంచి దీపావళి దాకా

గద్వాలలో మాది అద్దె ఇల్లు. ముందుగదిలో నా మిషను. మా ఆయనకు బస్టాండు దగ్గర పంక్చర్ల దుకాణం. కూతురు వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకునేది. దసరా, దీపావళి రోజుల్లో మాకు తలెత్తే తీరిక ఉండదు. ఆ ఏడాదీ అంతే.

ఒక మధ్యాహ్నం కుట్టిన జాకెట్లను బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేస్తున్నాను. కాలిన వాసన వచ్చింది. గుడ్డ అంటుకుందనుకుని లాగాను. గుడ్డ బాగానే ఉంది. వాసన పోలేదు. బొగ్గుల్లో ఏదో పడిందనుకుని పెట్టె మూత తెరిచి చూశాను. ఏమీ లేదు. అప్పుడు నా ఎడమచేతి అంచు చూసుకున్నాను. చర్మం తెల్లగా ఉబ్బి, పక్కకు ఒరుసుకుపోయింది. నాకు నొప్పి లేదు. అందరూ నొప్పిని తిట్టుకుంటారు. అది రావలసిన చోట రాకపోతే ఎంత భయం వేస్తుందో ఆ పూట తెలిసింది.

మా ఆయన వాడకట్టులో అందరికీ "కరెంటు షాక్ కొట్టింది" అని చెప్పాడు. ఇది మామూలుగా కాలడం కాదని ఆయనకు అప్పటికే అనుమానం. నా మోచేతి కింద ఒక మచ్చ ఏడాదిన్నరగా ఉంది. దాని మీద చెమట పట్టదు, వెంట్రుక మొలవదు. ఊళ్లోని ఒక డాక్టరు దానికి తామర మందు రాసిచ్చాడు. మూడు ట్యూబులు పూసుకున్నాను. మూడుసార్లూ ఆయన బల్ల అవతలి నుంచే చూశాడు. ఒక్కసారి దూదితో ముట్టి చూసినా సరిపోయేది. ఆ సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

కరెంటు షాక్ సంగతి అడగడానికి వచ్చినవాళ్లకు నేను నిజం చెప్పాను. "షాక్ లేదు ఏం లేదు. కాలింది. కాలినట్టు తెల్వలే." అది విని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన ఆ రోజు అన్నం మధ్యలో లేచిపోయాడు.

డిసెంబరు

ప్రభుత్వ దవాఖానలో చీటీ రాసే అతను నా చేతిని చూసి, వెనుక వైపు గదికి వెళ్లమన్నాడు. సూదుల గదికి అవతల ఒక వరండా, ఒక బల్ల. మిగతా బల్లల మీద మనుషులు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టున్నారు. ఈ బల్ల మీద ఒకే ఒక ముసలామె ఉంది. నేను పక్కన నిలబడ్డాను.

"కూసో బిడ్డా," అన్నది. "గీ బల్లతోని లాభమేందంటే, జాగ ఎప్పుడూ దొరుకుతది."

ఆమె పేరు ఖాజాబీ. పెబ్బేరు నుంచి వచ్చింది. భర్త అక్కడి పశువుల సంతలో బేరాలు కుదిర్చేవాడట. ఆమె రెండు చేతుల వేళ్లూ సగానికి ఉన్నాయి. నేను చూడకుండా ఉండాలని ప్రయత్నించాను.

"మంచిగ చూడు," అన్నది. "నేను పదేండ్లు ఎవరికీ చూపియ్యక గిట్ల చేసుకున్న. పొయ్యి మీది గిన్నె పట్టుకున్నా తెల్వకపోయె, ముల్లు గుచ్చుకున్నా తెల్వకపోయె. నువ్వు రోజూ పొద్దుగూకకముందు చేతులు ముంగట పెట్టుకుని చూస్కో. నీ చెయ్యి నీకు చెప్పదు, నువ్వే అడగాలె."

గదిలో ఉన్న ఆరోగ్య కార్యకర్తను అందరూ సార్ అనే పిలుస్తారు. నేనూ అలాగే రాస్తాను. కళ్లు మూసుకోమన్నాడు. బాల్‌పెన్ను మొనతో చేతి మీద అక్కడక్కడ ఆనిస్తాననీ, ఆనిన చోటు వేలుతో చూపించాలనీ చెప్పాడు. నేను చూపించాను. ఐదారు చోట్ల చూపించి, ఇంకా మొదలుపెట్టలేదేమోనని ఆగాను.

"ఆనియ్యి సార్," అన్నాను.

"ఆనిస్తనే ఉన్న," అన్నాడు.

కళ్లు తెరిచాను. పెన్ను చిటికెన వేలు మీద ఉంది.

తర్వాత మోచేతి లోపలి వైపు నరాన్ని వేళ్ల కింద దొర్లించి చూశాడు. చెయ్యి మొత్తం జివ్వుమంది. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి రోగం పేరు చెప్పాడు.

"మెల్లగ చెప్పుడెందుకు సార్? నేనేమన్న దొంగతనం చేసిన్నా?"

ఆయన నవ్వలేదు. మామూలు గొంతుతో మళ్లీ చెప్పాడు. కుష్ఠు. మా వైపు పెద్దరోగం అంటారు. ఏడాది పాటు గోలీలు. మొదటి గోలీల పట్టీ మొదలైతే చాలు, ఇంకొకరికి అంటదు. అది నయమవడం ఖాయం. ఖాయం కానిది చెయ్యి.

"నరం వాచింది. దానికి వేరే గోలీలు, పన్నెండు వారాలు. స్పర్శ వచ్చేదుంటే చాలామట్టుకు గీ పన్నెండు వారాలల్లనే వస్తది. ఆ తర్వాత వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. కుట్టుపని చేస్తవా?"

"చేస్త."

"ఇస్త్రీ బంద్ చెయ్యి. చెయ్యిని పదిలంగ చూస్కో."

ఆయన కాగితం మీద చెయ్యి బొమ్మ గీసి, తెలిసిన చోట టిక్కు, తెలియని చోట ఇంటూ పెట్టాడు. ఆ కాగితం నకలు నేను అడిగి రాయించుకున్నాను. అది ఎందుకని అడిగితే, నా చెయ్యి కాబట్టి అన్నాను.

ఇంటికి రాగానే మా ఆయన మంచం ముందుగదిలోకి, మిషను పక్కకు జరిగింది. గోలీల వాసన పడదన్నాడు. ఆ గోలీలకు వాసన ఉండదు. కూతుర్ని హాస్టల్లోనే ఉంచుదామన్నాడు. నేను మర్నాడే బస్సెక్కి వనపర్తి పోయి పిల్లను తీసుకొచ్చి సార్‌కు చూపించాను. ఒళ్లంతా చూసి ఏమీ లేదన్నాడు. తిరిగి హాస్టలుకు పోయే బస్సులో పిల్ల నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. రెండు గంటల సేపు నేను కదల్లేదు.

2006, జనవరి

వాపు గోలీలు దవాఖానకు వచ్చేసరికి సంక్రాంతి దాటింది. వాటితో ఆకలి విపరీతంగా పెరిగింది, మొహం గుండ్రంగా ఉబ్బింది. అసలు రోగానికి ఇచ్చినవి చర్మాన్ని నల్లబరిచాయి. చూసినవాళ్లు "రోగమొస్తే సన్నబడతరు, నువ్వేంది లావైతున్నవ్" అన్నారు.

సార్ మూడు పనులు చెప్పాడు. రోజూ ఇరవై నిమిషాలు చెయ్యి నీళ్లలో నానబెట్టి నూనె రాయాలి. సాయంత్రం దెబ్బలేమన్నా ఉన్నాయేమో చూసుకోవాలి. చాటలో గింజలు పోసుకుని బొటనవేలు, చిటికెన వేలు కలిపి ఒక్కొక్కటే ఏరాలి. ఏ గింజలని అడిగితే ఏవైనా అన్నాడు. మా అన్న వడ్డేపల్లి దగ్గర భూమి కౌలుకు తీసుకుని పొద్దుతిరుగుడు వేస్తాడు. నూనె పట్టించుకోమని పోయినేడు ఇచ్చిన గింజలు సంచిలో మిగిలి ఉన్నాయి. వాటినే పోసుకున్నాను.

పొద్దుతిరుగుడు గింజ నున్నగా ఉంటుంది. పట్టుకున్నానని అనుకునేదాన్ని, చూస్తే వేళ్ల మధ్య ఏమీ ఉండేది కాదు. జారిన సంగతి వేళ్లకు తెలిసేది కాదు. మొదటి వారం గిన్నెలో పడినవాటి కంటే నేల మీద పడినవే ఎక్కువ. ఊడ్చి పారబోయడానికి మనసొప్పలేదు. ఒక రాత్రంతా గింజల్ని నీళ్లలో నానబెట్టి, తెల్లారి నీడలో ఆరబోసి, పెరట్లో గోడ వెంట రెండు వరసలుగా నాటాను. పుల్లతో గుంట చేసి, బొటనవేలు, చిటికెన వేలుతోనే గింజను పట్టుకుని గుంటలో వదిలాను. కళ్లతో చూస్తూ వదలాలి, లేకపోతే పడిందో లేదో తెలియదు. ముప్పై గుంటలకు ఒక పూట పట్టింది.

మా ఆయన పళ్లపుల్ల నములుతూ చూశాడు. "ఇంటి గింజ వేస్తే ఒక్క తీరుగ రాదు. మీ అన్ననడుగు, ఏటా కొత్త ప్యాకెట్ కొంటడు."

"నేనేమన్న మార్కెట్‌కు పంపుతున్ననా?"

"ఉత్త కష్టం అంటున్న."

"నా చెయ్యికి కావాల్సిందే కష్టం."

ఆరో రోజుకు మొలకలు లేచాయి. కొన్ని గింజ పొట్టును నెత్తిన టోపీలా పెట్టుకుని వచ్చాయి. పిచ్చుకలు వాటిని పీకుతుంటే, పాత చిల్లుల గిన్నెలూ బుట్టలూ బోర్లించాను. పద్దెనిమిది నిలిచాయి. ఆయన అన్నట్టే ఒక్క తీరుగా రాలేదు. ఒకటి గోడకంటే ఎత్తు పోయింది. ఒకటి మోకాలి దగ్గరే ఆగింది. ఇంకొకటి కొమ్మలు వేసి నాలుగు చిన్న మొగ్గలు తొడిగింది. ఎడమచేత్తో బకెట్ ఎత్తవద్దని సార్ అన్నాడు. నేను అడగకముందే మా ఆయన పొద్దున దుకాణానికి పోతూ రెండు బకెట్లు పోసి పోయేవాడు. మంచం మాత్రం ముందుగదిలోనే ఉంది.

రెండు వారాలకొకసారి పెన్ను పరీక్ష. జనవరి చివర కాగితం మీద ఏ మార్పూ లేదు. ఫిబ్రవరి మధ్యలో ఉంగరపు వేలు మొదట్లో ఒక ఇంటూ టిక్కు అయింది. నేను ఊహించి చెప్పానేమోనని సార్ మూడుసార్లు ఆనించాడు. మూడుసార్లూ చూపించాను.

శివరాత్రి

చేను గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. పొద్దుతిరుగుడు పూసినప్పుడు తేనెటీగలు తిరిగితేనే గింజ నిండుతుంది. మందులు కొట్టీ కొట్టీ మా వైపు తేనెటీగలు తగ్గిపోయాయి. అందుకని మనుషులే చెయ్యాలి. మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరకముందు, అరచేతికి మెత్తని గుడ్డ చుట్టుకుని ఒక్కో పువ్వు మొహం మీద మెల్లగా రుద్దుతూ సాలు వెంట పోవాలి. రోజు విడిచి రోజు, రెండు వారాలు. చెయ్యి పడని పువ్వులో పొట్టు ఉంటుంది, పప్పు ఉండదు. ఎనిమిదేళ్లుగా ఆ రెండు వారాలు నేను మిషను మూసేసి అన్న చేనుకు పోయేదాన్ని. నా చెయ్యి పడ్డ సాలు నిండుగా ఉంటుందని వదినే నలుగురిలో చెప్పేది.

శివరాత్రి మర్నాడు అన్న జొన్నల సంచితో వచ్చాడు. చేను పూతకు వచ్చింది. నేను బట్టలు సర్దుకుని ఉన్నాను.

"ఈసారి నువ్వు రాకు చెల్లె," అన్నాడు. "ఎండలు ముదిరినయి."

"శివరాత్రికే ముదిరినయా?"

"నీ చెయ్యికి బాగలేదు గదా."

"కుడిచెయ్యికి ఏమైందన్నా?"

ఆయన సంచి మూతి విప్పి మళ్లీ కట్టాడు. "కూలోళ్లు అంటుండ్రు. నువ్వొస్తే మేం రామని. మీ వదినేమో, నువ్వు ముట్టిన పూల గింజలు రేపు ఎవరు కొంటరు అంటుంది."

"మొదటి గోలీకే అంటుడు బందైతదని సార్ చెప్పిండు. నీకు గూడ చెప్పిన."

"నాకు తెల్సు. నాకు తెలిస్తే ఏమైతది? ఊరికి తెల్వాలె."

"నువ్వు చెప్పు."

"నేను చెప్తే ఇంటరా?"

"చెప్పి చూసినవా?"

ఆయన సంచిని నా వైపు జరిపాడు. టీ పెట్టాను. నేను తాగిన గ్లాసులోనే, కడగకుండా, కావాలనే పోసి ముందుకు జరిపాను. చూశాడు. తాగాడు. అది కూడా రాయకపోతే అన్యాయం. కానీ పోతూ పోతూ, "చెయ్యి బాగైనంక వచ్చే ఏడు వద్దువులే" అన్నాడు. నా చెయ్యి బాగవుతుందో లేదో సార్‌కే తెలియదు. ఈయనకు ఎలా తెలిసింది?

సర్దిన బట్టలు విప్పి పెట్టెలో పెట్టేశాను. మిషను మీద బట్ట కప్పే ఉంచాను.

ఉగాది

ఉగాది వారంలో నా పెరట్లో పూలు విచ్చాయి. తప్పు చేసింది ఇక్కడే. ఇది ముఖ్యంగా నాలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను.

అప్పటికి పది వారాలు గడిచాయి. ఉంగరపు వేలు దాదాపుగా వచ్చింది. చిటికెన వేలు, దాని కింది అంచు రాలేదు. ఇంకా రెండు వారాలే ఉన్నాయి. పువ్వు మొహం గరుకుగా, జిగురుగా ఉంటుంది. పెన్ను మొన తెలియకపోయినా ఇంత గరుకు తెలియకపోతుందా అనుకున్నాను. గుడ్డ చుట్టుకోలేదు. ఉత్త ఎడమచేత్తో, కళ్లు మూసుకుని రుద్దాను. బొటనవేలు వైపు తెలిసింది, ఉంగరపు వేలు దాకా తెలిసింది. ఒక గీత దగ్గర ఆగిపోయింది. గీత అవతల వేరేవాళ్ల చెయ్యి ఉన్నట్టుంది. ఇంకొంచెం గట్టిగా రుద్దాను. తర్వాతి విడత ఇంకా గట్టిగా. పద్దెనిమిది మొక్కలు, రోజు విడిచి రోజు. చేనులోకి రానివ్వని చెయ్యి ఇదే కదా, నా పెరట్లో నా ఇష్టం అనుకున్నట్టు కూడా గుర్తుంది.

సాయంత్రం చూసుకునేదాన్ని. కానీ పుప్పొడీ జిగురూ కలిసి చేతి అంచంతా పసుపుపచ్చగా అట్టకట్టి ఉండేది. అదే అనుకుని పైపైన కడిగి నూనె రాసేదాన్ని. ఐదో విడత తర్వాత చంకలో గడ్డ కట్టినట్టయింది, జ్వరం వచ్చింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఎండలో పెట్టి చూశాడు. అంతకుముందు నాలుగు నెలలు ఆయన ఆ చెయ్యిని ముట్టలేదు. గోరువెచ్చని నీళ్లు తెచ్చి, పచ్చదనం పోయేదాకా కడిగాడు. దాని కింద చర్మం చీరుకుపోయి చీము పట్టి ఉంది. పువ్వు చుట్టూ ఉండే ఆకుల అంచులు కోసిన గాట్లు. నాకు ఏ ఒక్కటీ తెలియలేదు.

స్కూటర్ మీద దవాఖానకు తీసుకెళ్లాడు. ఆ రోజు ఖాజాబీ కూడా వచ్చింది. నేను బల్ల మీద కూర్చున్నాను. ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మీ ఆయననా?" అన్నది ఖాజాబీ.

"ఔ."

"కూసో తమ్మీ. బల్లకు రోగం రాదు. వచ్చేదుంటే నాతోనే ఎప్పుడో వచ్చేది."

ఆయన కూర్చున్నాడు, ఒక అంచున. కాసేపటికి ఇంకొకామె వస్తే నా వైపు జరిగాడు.

సార్ చెయ్యి చూసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "పది వారాలు గోలీలు నేనిచ్చిన. పది రోజులల్ల నువ్వు ఆగం చేసుకున్నవ్."

"తెలుస్తదేమో అని చూసిన సార్."

"చూసుడు నా పని. నీ పని కాపాడుకునుడు. గీ చెయ్యికి నీకంటే దుష్మన్ ఎవరన్న ఉన్నరా?"

నన్ను ఎవరు ఏమన్నా జవాబు చెప్పడం నా పద్ధతి. ఆయనకు చెప్పలేదు. ఆయన అన్నది నిజం. పుండుకు మందు వేసి, మణికట్టు దాకా కట్టు కట్టి, పన్నెండు వారాలు నిండే రోజు చేయాల్సిన పరీక్షను పుండు మానేదాకా వాయిదా వేశాడు. పుండు లోతుకు పోతే వేలు ఉంటుందో లేదో అప్పుడు చూద్దామన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ వెనుక కూర్చుని ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ విన్నాను.

పూత ఇంకా అయిపోలేదు. మర్నాడు పొద్దున మా ఆయన నా పాత లైనింగు గుడ్డ ఒకటి చేతికి చుట్టుకుని పెరట్లోకి పోయాడు. నేను గడప మీద కూర్చున్నాను.

"ట్యూబు తోమినట్టు తోమకు. మెల్లగ."

"మెల్లగనే తోముతున్న."

"పువ్వు ఊగుతుంది చూడు. చంటిపిల్ల మూతి తుడిచినట్టు తుడువాలె."

"ఎంతమంది చంటిపిల్లల మూతి తుడిచినవే నువ్వు? ఒక్కదానికి తుడిచి గింత గర్వమా?"

"ఆ పొట్టిది ఇడిసిపెట్టినవ్."

"దానికేం గింజలొస్తయి?"

"ఇడిసిపెడితే ఎట్లొస్తయి?"

వంగి దానికీ రుద్దాడు. ఆ వారం అంతా రోజు విడిచి రోజు రుద్దాడు. దుకాణం ఆలస్యంగా తెరిచాడు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాడో నాకు తెలియదు. కరెంటు షాక్ అని మాత్రం చెప్పి ఉండడు.

ఏప్రిల్ చివర

పుండు మానింది. వేలు మిగిలింది. సార్ కళ్లు మూసుకోమన్నాడు. తెలిసినవి చూపించాను. తెలియని చోట ఎంతసేపు ఆగాలో తెలియక ఆగాను. కళ్లు తెరిచేసరికి కాగితం నిండింది. ఉంగరపు వేలు మొత్తం టిక్కులు. అరచేతి అంచు మణికట్టు వైపు టిక్కు. చిటికెన వేలు, దాని కింద అంచు, ఇంటూలు.

"సగం వచ్చింది," అన్నాడు. "మంచిగనే వచ్చింది."

"తక్కిన సగం ఎందుకు రాలే?"

"లేటుగ వచ్చినవ్."

"నేను లేటుగ రాలే సార్. ఏడాదిన్నర కింద డాక్టర్ దగ్గరికి పోయిన."

ఆయన ఏమీ రాసుకోలేదు. రాసుకోవలసింది ఆయన కాదు. అక్కడి నుంచి నేరుగా ఆ తామర డాక్టరు దగ్గరికి పోయాను. ఖాళీ ట్యూబులు మూడూ నా సంచిలో ఎప్పటినుంచో ఉన్నాయి. ఆయన బల్ల మీద పెట్టాను. రోగం పేరు చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"వచ్చినోళ్లందరినీ ముట్టి చూస్కుంట కూసుంటే అయితదా అమ్మా?"

"అయితది," అన్నాను. "దూది సరిపోతది."

బయట కూర్చున్న జనం విన్నారు. అంతకంటే నేను చేయగలిగింది లేదు. ట్యూబులు ఆయన దగ్గరే వదిలేసి వచ్చాను.

మెల్లగా మిషను మీద బట్ట తీశాను. ఉంగరపు వేలు పని చేస్తే చిటికెన వేలు లేకుండా కూడా గుడ్డ నడుస్తుందని నేర్చుకున్నాను. వేగం పోయింది. గంటలో అయ్యే జాకెట్ గంటన్నర పట్టేది. ఇస్త్రీ మాత్రం బయట చేయిస్తున్నాను. టీచరమ్మ తిరిగి రాలేదు. ఆమె జాకెట్ల భుజం కుట్టు ముడుచుకుపోయి ఉండడం బజారులో దూరం నుంచే నాకు కనిపిస్తుంది. వదిన ఒకసారి ఫోను చేసింది. ఈసారి చేను సగం తాలే అయిందట. కూలోళ్లు సరిగ్గా రుద్దలేదట. నేను విన్నాను. పాపం అనలేదు.

మే

తలలు వంచి, వెనుక పసుపుకు తిరిగిన పూలను కోసి, మూడు రోజులు మిద్దె మీద ఎండబెట్టాను. తర్వాత పెరట్లో గోనెపట్టా పరిచి కూర్చుని, ఒక్కొక్క తలనే కట్టెతో కొట్టి గింజలు రాల్చాను. ముందుగా పూసి, నేను గుడ్డ లేకుండా రుద్దిన పూలు మధ్యలో తాలుగా ఉన్నాయి. గట్టిగా రుద్దినందుకు పుప్పొడి నిలవలేదో, మరేమో నాకు తెలియదు. ఆలస్యంగా పూసి, మా ఆయన రుద్దినవి కొంత మేలు. పొట్టిదానికి పిడికెడు వచ్చాయి.

మా ఆయన ఎదురుగా కూర్చుని చాటతో తూర్పారబడుతున్నాడు. నేను ఇంకో తల అందుకోబోతూ ఎడమ చెయ్యిని పట్టా మీద ఆనించాను. వెంటనే విదిలించాను. ఎందుకు విదిలించానో అర్థం కాలేదు. చెయ్యి తిప్పి చూస్తే, చిటికెన వేలు కింద, సార్ ఇంటూ పెట్టిన చోట, ఒక ఎర్రచీమ కరుచుకుని వేలాడుతోంది. నేను దాన్ని చూసింది విదిలించిన తర్వాతే.

చీమను తీసేయలేదు. దానంతట అది వదిలి పోయింది.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన.

"చీమ కుట్టింది."

"ఏడ?"

చూపించాను. చాట కింద పెట్టి దగ్గరికి జరిగాడు. నా చెయ్యిని తన మోకాలి మీద పెట్టుకుని, ఆ చోటును వేళ్లతో పట్టుకున్నాడు.

"గిల్లుతున్న. తెలుస్తుందా?"

"జర తెలుస్తుంది. ఇంకొంచెం గట్టిగ."

"నొప్పి లేస్తే చెప్పు."

నొప్పి లేచింది. నేను వెంటనే చెప్పలేదు.